లిడియా వదిలిన చిల్లు

కనకదుర్గ పళ్ళతో దారం తెంపి, ప్యాంటును తిరగేసి, కొత్త జిప్పును పైకీ కిందికీ లాగి చూసింది. జిప్పు బుద్ధిగా నడిచింది. ప్యాంటును హ్యాంగరుకు తగిలించి, చీటీ గుచ్చి, కాళ్ళ దగ్గరున్న బుట్టలోంచి ఇంకొకటి తీసింది. ఈసారి ఎవరిదో ఉన్ని కోటు, మోచేతి దగ్గర చిమ్మట కొట్టిన చిల్లు. ఆ చిల్లును చూడగానే ఆవిడ మొహం విప్పారింది. లోకంలో చిల్లును చూసి సంతోషించేవాళ్ళు ఎలకల తర్వాత ఈవిడొక్కతే అయ్యుంటుంది.

శాండీ తుఫాను వచ్చి వెళ్ళిన వారం అది. పెన్సిల్వేనియాలో, వెస్ట్ చెస్టర్ చుట్టుపక్కల ఇళ్ళకి కరెంటు అప్పుడప్పుడే తిరిగొస్తోంది. ఇన్నాళ్ళూ చలికి వణికిన జనం పెట్టెల్లోంచి కోట్లు దులిపి తెచ్చి షాపులో పడేస్తున్నారు. షాపంటే రాజారావు డ్రై క్లీనింగ్ షాపు. ఒక చిన్న ప్లాజాలో పిజ్జా కొట్టుకీ పళ్ళ డాక్టరుకీ నడుమ ఇరుక్కుని ఉంటుంది. ముందు కౌంటరు, వెనక గొలుసు మీద గిరగిరా తిరిగే బట్టలు, పక్కన కిటికీ, కిటికీ దగ్గర కనకదుర్గ మిషను. ఐటీ ఉద్యోగం పోయాక రాజారావు ఈ షాపు కొన్నాడు. అప్పట్లో స్నేహితులు వెనకాల "చాకిరేవు" అని నవ్వుకున్నారు గానీ, తర్వాత ఆ స్నేహితులే సూట్లు పట్టుకొచ్చి డిస్కౌంటు అడిగారు.

కనకదుర్గ పొట్టి మనిషి. పంజాబీ డ్రెస్సు మీద స్వెట్టరు, కాళ్ళకు మగవాళ్ళ మేజోళ్ళు, మెళ్ళో దారం కట్టిన కళ్ళద్దాలు. జుట్టు సగం తెల్లబడింది, తక్కిన సగం ఏ రంగో చెప్పడం కష్టం. కుడిచేతి చూపుడువేలి కొసన సూది గుచ్చి గుచ్చి కాయ కాసింది. షాపుకొచ్చేవాళ్ళలో ఆవిడ మొహం గుర్తున్నవాళ్ళు తక్కువ. కిటికీ దగ్గర తల వంచుకుని ఎవరో ఉంటారని మాత్రం అందరికీ తెలుసు.

కోటు లోపలి కుట్టు విప్పి, అక్కడ మిగిలిన గుడ్డలోంచి సూదిమొనతో ఒక పోగు లాగింది. బయటి దారం వాడితే అది మాసిక. బట్టలోంచే దారం లాగి బట్టలోనే నేస్తే అది రఫ్ఫు. ఈ మాట ఆవిడకు చెప్పినవాడు కరీం సాయిబు. విజయవాడలో ఒక పట్టుచీరల కొట్టు అరుగు మీద కూర్చుని రఫ్ఫు చేసేవాడు. పక్కనే కనకదుర్గ భర్త పాపయ్య దర్జీ దుకాణం. మధ్యాహ్నాలు గిరాకీ లేనప్పుడు ఆవిడ అరుగు దిగువన కూర్చుని సాయిబు చేతులు చూసేది. చూసి చూసి నేర్చుకుంది. "నా పని కనబడితే మెచ్చుకుంటారు, నీ పని కనబడితే తిడతారు, ఇదేం పనే!" అని పాపయ్య ఆటపట్టించేవాడు. నిజమే కదా అనుకునేది ఆవిడ. పిల్లలు పుట్టలేదు. తమ్ముడు శ్యామ్‌సుందర్ ఎప్పుడో పెట్టిన వీసా కాగితాలు, అందరూ మరిచిపోయాక, ఒక రోజు ఉన్నట్టుండి ఫలించాయి. మొగుడూ పెళ్ళాలిద్దరూ వచ్చి తమ్ముడి ఇంటి బేస్‌మెంటులో దిగారు. మూడో చలికాలంలో పాపయ్య గుండె ఆగిపోయింది. కనకదుర్గ మిగిలింది.

రఫ్ఫుకి ఆవిడ కోరుకునే మెప్పు ఒక్కటే. కోటు తీసుకోవడానికొచ్చిన మనిషి దాన్ని అటూ ఇటూ తిప్పి, తెల్లబోయి, "ఎక్కడుంది?" అని అడగాలి. అప్పుడు కనకదుర్గ కుర్చీలోంచి లేచి నిలబడి, "ఫైండ్! ఫైండ్!" అంటుంది. వాళ్ళు వెతుకుతారు. దొరకదు. ఆ పూట ఆవిడకు అన్నం రెండు ముద్దలు ఎక్కువ సహిస్తుంది.

"అక్కా, నీ ఫ్రెండ్ ఇవ్వాళ వస్తదంట. ఓల్డేజ్ హోమ్ వాళ్ళు కాల్ చేసిన్రు. రెండింటికి వ్యాన్‌లో డ్రాప్ చేస్తరంట," కౌంటరు నుంచి రాజారావు అన్నాడు. ఆయనది ఖమ్మం. ఆవిడ యజమానే అయినా మొదటి రోజు నుంచీ అక్కా అనే పిలుస్తాడు.

"తెలుసండీ. పొద్దున్నించీ అదే చూస్తన్నానండి," అంది కనకదుర్గ.

ఫ్రెండంటే ఎస్తర్. తొంభై దాటిన మనిషి. ఎత్తుగా, సన్నగా, కొంచెం ముందుకు వంగి నడుస్తుంది. బూడిద రంగు లంగా, నల్ల స్వెట్టరు తప్ప ఇంకో రంగు ఆమె ఒంటి మీద ఎవరూ చూడలేదు. మొదటిసారి వచ్చినప్పుడే, "నన్ను మేడమ్ అనకు, మిస్ అనకు. ఎస్తర్ అను. మాలో అందరూ సమానం," అంది. తొంభయ్యేళ్ళ మనిషిని పేరు పెట్టి పిలిస్తే కళ్ళు పోవూ? కనకదుర్గ బాగా ఆలోచించి "ఎస్తరమ్మ గారూ" అని ఖాయం చేసింది. ఇండియాలో ఎస్తర్‌ని అలాగే అంటారు కాబోలనుకుని ఆమె కూడా తృప్తిపడింది.

ఎస్తర్ కొత్త బట్ట కొనదు. మేజోడు, చేతితొడుగు, కోటు, ఏది చిరిగినా పట్టుకొచ్చి కిటికీ పక్క కుర్చీలో కూర్చుంటుంది. కనకదుర్గ కుడుతుంటే చూస్తుంది. కాసేపు చూశాక కళ్ళు మూసుకుని చేతులు ఒళ్ళో పెట్టుకుంటుంది. మొదట్లో కనకదుర్గ కంగారు పడితే రాజారావు చెప్పాడు.

"వాళ్ళు క్వేకర్లక్కా. వాళ్ళ చర్చ్‌లో పాటుండదు, పాస్టర్ ఉండడు. అందరూ సైలెంట్‌గా కూర్చుంటరు. అదే ప్రేయర్."

"ఊరికే కూర్చోటమేనండీ? నిద్ర రాదూ?"

"వస్తదేమో. ఎవ్వరికి తెలుస్తది?"

అప్పటి నుంచీ ఎస్తర్ కళ్ళు మూసుకుంటే షాపంతా గొంతు తగ్గించుకుంటుంది. కనకదుర్గ మిషను తొక్కడం మానేసి చేతికుట్టు పని అందుకుంటుంది. ఇద్దరికీ భాష కలవదు. కలవాల్సిన అవసరమూ పెద్దగా పడలేదు. ఈ దేశంలో కనకదుర్గ చేతుల వంక తీరిగ్గా చూసిన మనిషి ఎస్తర్ ఒక్కతే. తమ్ముడూ మరదలూ మంచివాళ్ళే, కాకపోతే ఇద్దరికీ ఆఫీసులు. ఆదివారాలు ఎస్తర్ ఎలా ఉందో అని కనకదుర్గ అనుకుంటూ ఉంటుంది. ఆమెను సంతోషపెట్టే పనేదైనా చేతికి దొరికితే బాగుండుననీ అనుకుంటూ ఉంటుంది.

ఆ పని పోయిన నెల దొరికింది.

ఎస్తర్ ఒక గుడ్డ తెచ్చింది. తలగడ గలీబంత ఉంటుంది, టీ రంగుకు తిరిగిన పాత నార గుడ్డ. దాని మీద చదరంగా కత్తిరించిన చిల్లులు, వాటి నిండా రంగురంగుల పట్టుదారాలతో నేత. ఒకటి గళ్ళ నేత, ఒకటి ఏటవాలు నేత, ఒకటి చాప అల్లిక. కింద చిన్న క్రాసుకుట్టు అక్షరాలు, పద్దెనిమిది వందల ఏడు అని సంవత్సరం. పూర్వం క్వేకర్ల బళ్ళో ఆడపిల్లలకి కుట్టుపని నేర్పడానికి మంచి గుడ్డకి కత్తెరతో చిల్లు పెట్టించి, దాన్ని నేసి పూడ్చమనేవారట. ఇప్పుడా బడివాళ్ళు పాత పిల్లల కుట్లన్నీ గోడలకి పెడుతున్నారట. పై అంచు పీలికలవుతోంది, దాన్ని మడిచి కుట్టి, కర్ర దూర్చడానికి గొట్టంలా సందు ఉంచమని ఎస్తర్ అడిగింది. అంతే అడిగింది.

గుడ్డను చూసి కనకదుర్గకు ఒళ్ళు ఝల్లుమంది. ఇది ఆవిడ చదివిన చదువే. నర్సాపురం మిషను బడిలో సుగుణమ్మ టీచరు ఇలాగే కొత్త మల్లుగుడ్డకు చిల్లు పెట్టించేది. "బట్ట చిరగడం ఎవరికైనా వచ్చు, మీరు బాగు చెయ్యడం నేర్చుకోండి," అనేది. సాయంత్రానికి చిల్లు పూడ్చని పిల్లకి వేళ్ళ కణుపుల మీద చెక్కస్కేలు. కనకదుర్గ స్నేహితురాలు మేరీరత్నానికి ఎంత గింజుకున్నా కుట్టు వచ్చేది కాదు. డ్రిల్లు పీరియడులో చింతచెట్టు వెనక కూర్చుని కనకదుర్గే దాని చిల్లు కూడా పూడ్చి పెట్టేది. పరాయి చేతి పని అని తెలియకుండా, కావాలని కాస్త వంకరగా.

ఎస్తర్ గుడ్డలో అన్ని చిల్లులూ నిండాయి, కింది మూలనున్న చివరిది తప్ప. కత్తెర పడి, పోగులు జారి, అది అలాగే నోరు తెరుచుకుని ఉంది. దాన్ని చూసినకొద్దీ కనకదుర్గకు మనసు ఊరుకోలేదు. ఎవరో పిల్ల ఇంటిపని పూర్తి చెయ్యకుండా వదిలేసింది. రేపు గోడకెక్కితే నలుగురూ చూస్తారు. రెండొందల ఏళ్ళ తర్వాత కూడా ఆ పిల్లకి మాట పడుతుంది. ఆదివారం మధ్యాహ్నం గుడ్డను ఇంటికి తీసుకెళ్ళింది. పై అంచు మడతలోంచి పోగులు లాగింది. మడతలో దాగినవి కాబట్టి అవి తెల్లగా ఉన్నాయి. పలచటి టీ నీళ్ళలో ముంచి, ఆరబెట్టి, రంగు కలిపింది. పూడ్చడం మొదలుపెడితే అన్నానికి పిలిచినా లేవలేదు. రంగుదారం ఎందుకు, పిల్లల పని మీద పెద్దల పెత్తనం కనబడకూడదు, గుడ్డ గుడ్డలాగే కలిసిపోవాలి అనుకుంది. పని అయ్యాక తనకే ముచ్చటేసింది. జన్మలో అంత సన్నటి రఫ్ఫు చెయ్యలేదు.

అడగలేదేం అంటారా? ముందే అడిగేస్తే ఇక ఆశ్చర్యపడేదేముంది!

రెండు దాటాక వ్యాను వచ్చి ఆగింది. డ్రైవరు చెయ్యి పట్టి దించాడు. ఎస్తర్ లోపలికొచ్చి రాజారావుకు తల ఊపి, కిటికీ దగ్గరికి నడిచింది. తెల్ల కాగితంలో చుట్టిన గుడ్డను కనకదుర్గ కౌంటరు మీద పరిచింది. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది.

ఎస్తర్ ముందు పై అంచు మడత చూసింది. కర్ర పట్టేంత ఉందో లేదో రెండు వేళ్ళు దూర్చి చూసుకుంది. "చాలా బాగుంది, కనకా," అంది. తర్వాత ఆమె చెయ్యి, చూపుతో పని లేకుండా, అలవాటైన తోవన కింది మూలకు జారింది. చిటికెన వేలు గుడ్డ మీద ఆగింది. పక్కకు జరిగింది. వెనక్కి వచ్చింది. ఎస్తర్ కళ్ళద్దాలు సర్దుకుని వంగింది.

"ఎక్కడుంది?" అంది.

కనకదుర్గకు ఆనందం పట్టలేదు. "ఫైండ్! ఎస్తరమ్మ గారూ, ఫైండ్!" అని చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

ఎస్తర్ వెతికింది. గుడ్డను తిరగేసింది. అక్షరాలను వేలితో తడిమి, తమ గుడ్డేనని రూఢి చేసుకుంది. మళ్ళీ చిటికెన వేలితో ఆ మూలంతా పొడిచి పొడిచి చూసింది. వేలు ఎక్కడా దిగలేదు. మెల్లగా ఆమె మొహంలో నెత్తురంతా దిగిపోయింది. కుర్చీ కోసం చెయ్యి వెనక్కి చాచి, తడుముకుని, కూలబడింది.

కనకదుర్గ చేతులు చప్పట్ల మధ్యలోనే ఆగిపోయాయి.

"ఏమైందండీ? రాజారావు గారూ, ఒకసారి ఇటు రండి, అడగండి ఏమైందో!"

రాజారావు పరుగున వచ్చాడు. ఎస్తర్ ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పసాగింది. వినేకొద్దీ రాజారావు మొహం మారిపోయింది.

"అక్కా... ఆ పిల్ల పేరు లిడియా అంట. వీళ్ళ ఫ్యామిలీనే. పదమూడేళ్ళది. బోర్డింగ్ స్కూల్లో ఈ లాస్ట్ చిల్లు కత్తిరించిన రోజే ఫీవర్ వచ్చిందంట. మళ్ళ లేవలేదు. స్కూలోళ్ళే అక్కడ పాతిపెట్టిన్రు. ఆ రోజుల్ల వీళ్ళు సమాధి మీద రాయి పెట్టేటోళ్ళు కాదంట, పేరు రాసేటోళ్ళు కాదంట. రాయి పెడితే గర్వమంట. ఎక్కడ పాతిన్రో కూడా ఎవ్వరికి తెల్వదు. వాళ్ళమ్మకి ఈ గుడ్డ ఒక్కటే పంపిన్రు." రాజారావు గుడ్డ కింది మూలను చూపించాడు. "అప్పటిసంది వీళ్ళ ఇంట్ల ప్రతి ఆడపిల్లకి పదమూడేళ్ళు రాంగనే, ఆ చిల్లుల చిటికెన వేలు పెట్టి లిడియాకి హలో చెప్తదంట. ఈమె చెప్పింది, ఈమె అమ్మ చెప్పింది, అమ్మమ్మ చెప్పింది. అది చిల్లు కాదక్కా. ఆ పిల్ల సమాధే అది."

కనకదుర్గ పై ప్రాణాలు పైనే పోయాయి. షాపులో గొలుసు తిరుగుతోంది, బట్టలు ఒకదాని వెనక ఒకటి వచ్చి పోతున్నాయి, ఆవిడకు ఆ చప్పుడు ఎక్కడో దూరంగా వినిపిస్తోంది. తను చేసిన పని ఒళ్ళంతా పాకినట్టయింది. దెబ్బలు తప్పిద్దామనుకున్న పిల్లని తన చేత్తో తనే చెరిపేసింది. మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే. మేరీరత్నం, సుగుణమ్మ టీచరు, చింతచెట్టు, వాటిలో ఏ ఒక్కదాన్ని ఇప్పుడు ఇంగ్లీషులో చెప్పగలదు? చెప్పినా ఏం లాభం?

"ఇవ్వాళ నైట్ ఈమె మేనకోడలు వస్తదంట, రూత్ అని, ఒహాయో నుంచి. వాళ్ళ పాపకి పదమూడు. రేపు పొద్దున వేలు పెట్టించి, మధ్యాహ్నం స్కూల్‌కి ఇయ్యాలంట," రాజారావు గొంతు కీచుగా మారింది. "ఒక్క మాట అడగొచ్చు కదా అక్కా! యాంటిక్ అది! కోర్టుల సూ చేస్తే మన పరిస్థితి ఏంది?" అని కాసేపు అటూ ఇటూ తిరిగి, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఎస్తర్‌కు మంచినీళ్ళ సీసా తెచ్చిచ్చాడు.

ఎస్తర్ నీళ్ళు పుచ్చుకుని పక్కన పెట్టింది. "దాన్ని మళ్ళీ తెరవగలవా?" అని కనకదుర్గనే అడిగింది.

"ఎస్. ఐ ఓపెన్. నౌ ఓపెన్," అంది కనకదుర్గ. గుడ్డ అందుకుని మిషను ముందు కూర్చుంది. కూర్చుని, ఆగలేక, తిరిగి చూసింది. "యాంగ్రీ? ఎస్తరమ్మ గారూ, యు యాంగ్రీ?"

ఇంకెవరైనా అయితే 'ఛ ఛ, లేదు లేదు' అనేవారు. అలాంటి మాట మర్యాద కోసం కూడా ఎస్తర్ నోటికి రాదు. ఆమె తనలోకి తాను చూసుకుని చెప్పింది. "అవును. కోపంగానే ఉంది. నువ్వంటే ఇష్టమూ ఉంది. రెండూ ఉన్నాయి. నన్ను కాసేపు కూర్చోనివ్వు."

చేతులు ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

కనకదుర్గ దీపం దగ్గరికి లాక్కుంది. నల్లగుడ్డ ముక్క పరిచి, దాని మీద నార గుడ్డ పెట్టి, భూతద్దం కిందికి తెచ్చింది. కింది మూల. అక్కడే. చూసింది. మళ్ళీ చూసింది.

కనబడలేదు.

తను నేసిన పోగు ఏదో, రెండు శతాబ్దాల కింద మగ్గం మీద నేసిన పోగు ఏదో తనకే తెలియలేదు. వెలుతురుకెత్తి పట్టింది. వెనక వైపు చూసింది. తోకలు మిగలకుండా తనే కత్తిరించింది, అదొక గొప్పగా. వేలితో తడిమితే కాయ కాసిన వేలికి ఏదీ తగల్లేదు. అంచనాగా ఎక్కడో ఒక చోట సూది దింపి లాగితే లిడియా గుడ్డే తెగొచ్చు. ఒక్కసారి తెగిందా, ఇక లిడియా కత్తెర పెట్టిన చిల్లు ఈ లోకంలో ఉండదు, కనకదుర్గ పెట్టిన చిల్లు ఉంటుంది. ముప్పై నలభై ఏళ్ళుగా జనం "ఎక్కడుంది" అని అడిగితే పొంగిపోయిన మనిషి, ఈవేళ తనని తనే ఆ మాట అడుగుతూ చెమటలు కక్కింది. ఇంత బాగా ఎందుకు చేశాను దేవుడా అని ఏడుపొచ్చింది. కాస్త వంకరగా చేసి ఉంటే పోయేది కదా. మేరీరత్నానికి చేసినట్టు.

ఎవరో సూటు కోసం వచ్చారు. రాజారావు పెదవుల మీద వేలుంచి, కుర్చీలోని ఎస్తర్‌ని చూపించాడు. వాళ్ళూ గుసగుసగా మాట్లాడి వెళ్ళిపోయారు.

కనకదుర్గ గుడ్డను మొహానికి దగ్గరగా తెచ్చుకుంది, ఇంకేం చెయ్యాలో తోచక. ముక్కు తగిలేంత దగ్గరగా. గట్టిగా నిట్టూర్చింది. నోటి ఆవిరి పట్టి గుడ్డ క్షణంసేపు చెమ్మగిల్లింది. ఆ చెమ్మలో ఒక పోగు, వెంట్రుకంత పోగు, పక్కవాటి కంటే ఒక్క వన్నె నల్లబడి, మళ్ళీ మామూలైంది.

టీ రంగు! తడిస్తే టీ రంగు తేలుతుంది.

మళ్ళీ ఊదింది. చూసుకుంది. సూదిమొనతో ఆ పోగు కిందికి దూరి, ఊపిరి బిగబట్టి, ఎత్తింది. కదిలింది. తనదే. లాగింది. పోగు పాములా వంకర్లు తిరుగుతూ బయటికొచ్చింది. దాన్ని నల్లగుడ్డ మీద ఒక పక్కన పెట్టింది. మళ్ళీ నోటి ఆవిరి, మళ్ళీ సూది. ఒక్కో పోగూ వస్తుంటే అప్పుడప్పుడూ తల తిప్పి ఎస్తర్‌ని చూసుకుంటోంది. ఆమె అలాగే ఉంది, తల కొద్దిగా కిటికీ వైపుకి వాలి. బయటి ఎండ మెడ మీది ముడతల మీద పడుతోంది. అంత కోపంలోనూ ఎంత ప్రశాంతంగా ఉందో మహాతల్లి, అనుకుంది కనకదుర్గ. దేవుడితో నా గురించే మాట్లాడుతోందేమో. ఎంతసేపైనా మాట్లాడుకోనీ. అంతలోకి నా పని నేను చేసుకుంటాను.

గుడ్డలో ముందు సందు పడింది, తర్వాత చీలిక, తర్వాత చదరం. తను లోపలికి మడిచి పట్టిన పాత అంచులు ఒక్కొక్కటే బయటపడ్డాయి. లిడియా కత్తెర ఒక చోట తడబడింది. ఆ తడబాటు అలాగే ఉంది. పూడ్చేటప్పుడు కనకదుర్గ దాన్ని పట్టించుకోనే లేదు. ఇప్పుడు దాన్ని చూస్తే ఆ పిల్ల చెయ్యి కనిపించింది. అప్పటికే జ్వరం మొదలై ఉంటుంది, చెయ్యి వణికి ఉంటుంది. కనకదుర్గ కళ్ళు తుడుచుకుని ఆఖరి పోగు లాగింది.

అప్పుడే తలుపు తోసుకుని వ్యాను డ్రైవరు వచ్చాడు. "ఎస్తర్, రెడీయా?" అన్నాడు పెద్దగా.

"ష్," కనకదుర్గ వేలు పెదవుల మీద పెట్టుకుంది. "ప్రేయర్."

ఆయన టోపీ తీసి, తలుపు దగ్గర ఒదిగి నిలబడ్డాడు. రాజారావు కౌంటరు వెనక కదలకుండా ఉన్నాడు. కనకదుర్గ గుడ్డను రెండు చేతుల మీదా పెట్టుకుని లేచింది. ఎస్తర్ కళ్ళు తెరిచేసరికి ఎదురుగా చిల్లు కనబడాలి. వెళ్ళి కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఎదురుచూసింది. ముగ్గురూ ఎదురుచూశారు. కాసేపటికి డ్రైవరుకు ఏదో అనుమానం వచ్చింది. ముందుకొచ్చి, ఎస్తర్ చేతి మీద చెయ్యి వేసి, మణికట్టు పట్టి చూశాడు. అలాగే పట్టుకుని కనకదుర్గ వంక చూశాడు.

కనకదుర్గకు అర్థమైంది గానీ మనసు ఒప్పుకోలేదు. "ఎస్తరమ్మ గారూ," అంది. "ఓపెన్. చూడండి, ఓపెన్ అయ్యింది." ఆమె చిటికెన వేలిని పట్టుకుంది. అది చల్లబడి ఉంది.

రాజారావు ఫోన్ చేశాడు. అంబులెన్సు వచ్చింది, చేసేదేమీ లేదన్నారు. ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలియదు. పక్కనే కూర్చున్న కనకదుర్గకీ తెలియదు. ఎన్నిసార్లు తల తిప్పి చూసుకుంది! ఏ చూపుకి ఉంది, ఏ చూపుకి లేదు? ఎస్తర్‌ని తీసుకెళ్ళిపోయాక కూడా కనకదుర్గ ఆ కుర్చీ ముందు నేల మీదే కూర్చుని ఉంది. పిచ్చిదానిలా ఒకటే మాట అంటోంది. "కోపం పోయిందాండీ? పోయే లోపల పోయిందంటారా?"

"తొంభై దాటిన ప్రాణం అక్కా. నీ తప్పేం లేదు."

"అది కాదండీ నేనడిగేది."

రాజారావు ఎస్తర్ పక్కన పెట్టిన నీళ్ళ సీసా తీసి కౌంటరు కిందికి చేర్చాడు.

చీకటి పడుతుండగా రూత్ వచ్చింది, తోవలోనే కబురు తెలిసి. ఆమె వెంట ఒక పొడుగాటి పిల్ల, పళ్ళకు తీగలు, ఏడ్చి ఏడ్చి ఎర్రబడ్డ ముక్కు. మేనత్త చివరిసారి కూర్చున్న చోటు చూడాలని వచ్చారు. చూసి నిలబడ్డారు. రాజారావు తెలుగులో మెల్లగా, "అక్కా, గుడ్డ ఇచ్చెయ్. ఏం చెప్పకు. ఎట్లాగూ వాళ్ళకి తెల్వదు," అన్నాడు.

కనకదుర్గ గుడ్డను రూత్ చేతికిచ్చింది. చిల్లు మీద వేలుంచి చూపించింది. "ఐ క్లోజ్. మై మిస్టేక్. ఎస్తరమ్మ గారు సీ, వెరీ శాడ్. ఐ ఓపెన్. షి... నో సీ."

రూత్ తడి కళ్ళతో ఆవిడనీ, చిల్లునీ చూసింది. ఆ మాటలు ఆమె చెవికెక్కినట్టు లేదు. చిల్లు ఎప్పటిలాగే ఉంది. కత్తెర తడబడిన చోట తడబడి, పోగులు జారిన చోట జారి. ఎవరూ ముట్టుకోని చిల్లులా ఉంది. "అవును, ఇదే లిడియా," అని పిల్లకు చూపించింది. పిల్ల వెక్కుతూ చిటికెన వేలు దూర్చి, ఏదో అంది. రూత్ కనకదుర్గ చేతులు రెండూ పట్టుకుని థాంక్యూ, థాంక్యూ అంది. కనకదుర్గ తల అడ్డంగా ఊపుతూనే ఉంది. వాళ్ళు గుడ్డ తీసుకుని వెళ్ళిపోయారు.

రాజారావు గొలుసు ఆపాడు. లైట్లు ఒక్కొక్కటే తీసేస్తూ కిటికీ దాకా వచ్చి, మిషను బల్ల మీద చెయ్యి వేశాడు.

"అక్కా, ఇవి పారేద్దునా?"

"ముట్టుకోకండి," అంది కనకదుర్గ.

బల్ల మీద, నల్లగుడ్డ ముక్క మీద, టీ రంగు పోగులు వరసగా పడున్నాయి, నేతలో ఉన్నప్పటి వంకరలు ఇంకా వాటిని వదల్లేదు.